పోగుంటలు నింపిన జులై

2021 నవంబరు 2, అర్ధరాత్రి కావస్తోంది. అట్లాంటా బ్రేవ్స్ జట్టు హ్యూస్టన్ మైదానంలోనే హ్యూస్టన్‌ను 7-0తో ఓడించి, అమెరికా బేస్‌బాల్‌లో ఏడాది చివరి కప్పు పోరైన వరల్డ్ సిరీస్ గెలుచుకుంది. 1995 తరువాత మళ్లీ అదే మొదటిసారి. దీపావళికి ఇంకా రెండు రోజులుంది కానీ మా వీధి చివర ఎవరో అప్పుడే టపాకాయలు మొదలుపెట్టారు. ఫోను మోగింది. హ్యూస్టన్ నుంచి మా బావ.

"అభినందనలు బావా. కానీ ఒక్క మాట ఒప్పుకో, ఇది అదృష్టం. మావాళ్లు 95 ఆటలు గెలిచి వచ్చారు, మీవాళ్లు 88. సగం సీజను దాకా గెలిచినన్ని ఓడిన జట్టు మీది. చివర్లో నాలుగు వారాలు ఊపు వచ్చింది, అంతే."

ఆ రాత్రి సంతోషంలో నేనేమీ అనలేదు. తరువాత పెళ్లిళ్లలో, పండుగలకు కలిసినప్పుడు, ఫోన్లలో ఎన్నిసార్లు వాదించుకున్నామో లెక్కలేదు. ముక్కలు ముక్కలుగా చెప్పినదాన్ని ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. ఆ కప్పులో సగం జులై నెలలో, ఒక ఆఫీసు గదిలో, ఫోన్ల మీద సంపాదించినదని నా నమ్మకం. అక్కడ పనిచేసిన బుద్ధిని అదృష్టమంటే నాకు మనసొప్పదు.

బేస్‌బాల్ అలవాటు లేనివారి కోసం కొంచెం చెప్పాలి. మన ఐపీఎల్‌లో వేలం ముగిశాక జట్టు దాదాపు ఖాయమైనట్టే. ఎవరైనా గాయపడితే ఒకరిని తెచ్చుకుంటారు తప్ప, సీజను నడుమ జట్టును తిరగదోడే పద్ధతి పెద్దగా లేదు. అమెరికా బేస్‌బాల్‌లో ఒక్కో జట్టు ఆరు నెలల్లో 162 ఆటలు ఆడుతుంది. దాదాపు జులై చివరి దాకా ఆటగాళ్లను ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకోవచ్చు. ఆశ ఉన్న జట్లు కొంటాయి, ఆశ వదులుకున్నవి అమ్ముతాయి. ధర చాలావరకు డబ్బు రూపంలో ఉండదు. ఇంకా పెద్ద లీగుకు రాని, మైనర్ లీగుల్లో ఎదుగుతున్న కుర్రాళ్లే ధర. ఈ రోజు నడిచే ఆటగాడిని తెచ్చుకుని మూడేళ్ల తరువాత వెలగబోయే కుర్రాడిని ఇచ్చేయాలి. వీటన్నిటినీ తూచి తేల్చే యంత్రాంగాన్ని ఫ్రంట్ ఆఫీసు అంటారు. ఇంతకుముందు ఆగస్టులో కూడా వేరే దారిలో మార్పిడికి వీలుండేది. 2019 నుంచి ఆ తలుపు మూసేశారు. ఆ గడువు దాటితే ఉన్నవాళ్లతోనే నెగ్గుకు రావాలి.

ఇక 2021 జులై 10 సాయంత్రానికి వస్తాను. ఆ రోజు టీవీ ముందున్న అట్లాంటా అభిమాని ఎవరూ దాన్ని మరచిపోలేరు. మయామిలో ఆట, ఐదో ఇన్నింగ్స్. జాజ్ చిషమ్ కొట్టిన బంతి కుడివైపు గోడ దాకా లేచింది. రొనాల్డ్ అకూన్యా దాని వెంట పరుగెత్తి ఎగిరాడు. బంతి అందలేదు, దిగేటప్పుడు కుడి మోకాలు పక్కకు మడతపడింది. లేచి రెండడుగులు వేయబోయి కూలబడ్డాడు. బంతి గడ్డిలో దొర్లుతూనే ఉంది, చిషమ్ నాలుగు బేసులూ చుట్టేశాడు. అకూన్యాను చిన్న బండి మీద బయటకు తీసుకువెళ్తుంటే మొహం చేతుల్లో దాచుకున్నాడు. మా అమ్మాయికి అప్పుడు పదేళ్లు. "నాన్నా, రేపు ఆడతాడా?" అంది. ఆడడని నాకు అర్థమైంది, నోరు మాత్రం పెగల్లేదు. మోకాలిలో ఏసీఎల్ అనే బంధనం తెగిందని మర్నాడు తెలిసింది.

అప్పటికి అతని ఖాతాలో 24 హోమ్ రన్‌లు (మన సిక్సర్ లాంటివి). జట్టులో అందరికన్నా ప్రమాదకరమైన బ్యాటర్ అతనే. మరో ఔట్‌ఫీల్డర్ (గోడ వైపు దూరంగా కాచేవాడు) మార్సెల్ ఒజూనా మే చివరి నుంచే జట్టుకు దూరం. పిచర్ (బంతి విసిరేవాడు) మైక్ సొరోకాకు మడమ నరం రెండోసారి తెగింది. క్యాచర్ (వికెట్ కీపర్ లాంటివాడు) ట్రావిస్ డార్నో బొటనవేలి గాయంతో నెలల తరబడి కూర్చున్నాడు. సగం సీజను విరామానికి లెక్క చూస్తే 44 గెలుపులు, 45 ఓటములు. ముందు న్యూయార్క్ మెట్స్ ఉన్నారు.

అలాంటప్పుడు ఫ్రంట్ ఆఫీసు ముందు మూడు దారులుంటాయి. ఈ ఏడాది ఇంతేననుకుని, ఒప్పందం ముగియబోతున్నవాళ్లను అమ్మి కుర్రాళ్లను పోగుచేసుకోవచ్చు. ఏమీ చేయకుండా చూస్తూ కూర్చోవచ్చు. లేదా కొనవచ్చు. అమ్మేసినా అప్పుడు ఎవరూ తప్పుపట్టేవారు కారు. జనరల్ మేనేజరు అలెక్స్ ఆంథోపౌలోస్ కొనడానికి పూనుకున్నాడు. ఆ నిర్ణయానికి ఆధారం ఏమిటో చూస్తే అది గుడ్డి ధైర్యం కాదని తెలుస్తుంది. జట్టు మధ్యభాగం ఉక్కులా ఉంది. ఫ్రెడ్డీ ఫ్రీమన్, ఓజీ ఆల్బీస్, డాన్స్‌బీ స్వాన్సన్, ఆస్టిన్ రైలీ, బేసుల దగ్గర కాచే ఈ నలుగురు ఇన్‌ఫీల్డర్లూ ఆ ఏడాది తలా 25కు పైగా హోమ్ రన్‌లు కొట్టారు. పిచింగులో మాక్స్ ఫ్రీడ్, చార్లీ మోర్టన్ ఉన్నారు. అట్లాంటా ఆడే తూర్పు విభాగంలో (అందులో మొదట నిలిస్తే ప్లేఆఫ్స్ ఖాయం) మిగిలిన జట్లేవీ అందనంత దూరం పోలేదు. ఖాళీ ఎక్కడుందో వేలు పెట్టి చూపించవచ్చు: ఔట్‌ఫీల్డ్ మొత్తం ఖాళీ. అక్కడ ఆడుతున్నది గియెర్మో ఎరేదియా, ఏబ్రహామ్ ఆల్మొంటే లాంటివాళ్లు. కష్టపడేవాళ్లే, కాని రోజూ బరువు మోయగల బ్యాటర్లు కారు.

మా తాతయ్య పల్నాడులో పత్తి వేసేవారు. గింజ నాటిన వారానికి చేనంతా ఒకసారి తిరిగేవారు. మొలక రానిచోట్లను పోగుంటలు అంటారు. విత్తిన రోజునే కొన్ని గింజలు చిన్న కవర్లలో మట్టి పోసి విడిగా పెంచేవారు. పోగుంట కనబడగానే ఆ మొక్కను తెచ్చి నాటేవారు. పది రోజుల్లోపల నింపాలి, ఆలస్యమైతే చుట్టూ ఉన్న మొక్కలు ఎదిగి నీడ కమ్మి కొత్త మొక్క గిడసబారుతుందని చెప్పేవారు. నేను చేను వదిలి ముప్పై ఏళ్లయింది. ఆ జులైలో ఒక్కో వార్త వస్తుంటే ఆయన వంగి మొక్క నాటుతున్న తీరే కళ్లముందు మెదిలింది.

అకూన్యా పడిన ఐదు రోజులకు, జులై 15న, షికాగో కబ్స్ నుంచి జాక్ పీడర్సన్‌ను తెచ్చారు. గడువుకు ఇంకా రెండు వారాలుంది. మామూలుగా జట్లు చివరి గంట దాకా బేరం లాగుతాయి, ధర తగ్గుతుందేమోనని. ఇక్కడ ఆగకపోవడంలోనే తెలివి ఉంది. రెండు వారాలంటే పన్నెండు పదమూడు ఆటలు, మొత్తం మిగిలినవాటిలో ఆరో వంతు. ఆ లోపల జట్టు మునిగిపోతే జులై 30న ఏది కొన్నా వృథా. మర్నాడే అరిజోనా నుంచి స్టీఫెన్ వోట్ అనే క్యాచర్‌నూ తెచ్చారు.

జులై 30, సాయంత్రం నాలుగు గంటల గడువు. ఆ ఒక్కరోజే ముగ్గురు ఔట్‌ఫీల్డర్లు వచ్చారు. మయామి నుంచి ఆడమ్ డువాల్, కాన్సస్ సిటీ నుంచి హోర్హే సోలర్, క్లీవ్‌లాండ్ నుంచి ఎడ్డీ రోసారియో. పిట్స్‌బర్గ్ నుంచి రిచర్డ్ రోడ్రిగెజ్ అనే రిలీఫ్ పిచర్ (ఆట నడుమ దిగి బంతి వేసేవాడు) కూడా. ఒక్క పెద్ద పేరూ లేదు. ఆ సాయంత్రం నాకు నీరసం వచ్చిన మాట నిజం. సోలర్ 2019లో 48 హోమ్ రన్‌లు కొట్టినవాడు, కాని ఆ ఏడాది అతని బ్యాటింగు సగటు .192, అంటే ఐదుసార్లకు ఒక హిట్ కూడా లేదు. రోసారియో పొత్తికడుపు కండరం పట్టేసి గాయాల జాబితాలో ఉన్నాడు, ఆగస్టు నెలాఖరు దాకా ఆడనేలేదు. డువాల్‌ను అంతకుముందు డిసెంబరులో అట్లాంటాయే వద్దనుకుని వదిలేసింది. మయామి తీసుకుంది, అతను అక్కడ 22 హోమ్ రన్‌లు కొట్టాడు. వదిలేసిన మనిషినే దాదాపు ఎనిమిది నెలలకు వెనక్కు తెచ్చుకోవడానికి పెద్ద మనసు కావాలి. తప్పు ఒప్పుకోవడం చిన్నతనమనుకునే ఆఫీసులో ఇది జరగదు. నాకు ఆ నాలుగింటిలో ఎక్కువ గౌరవం కలిగినది ఈ ఒక్క మార్పిడి మీదే.

ఇప్పుడు ధర చూడండి. పీడర్సన్‌కు బ్రైస్ బాల్ అనే మైనర్ లీగ్ బ్యాటర్, సోలర్‌కు కేసీ కాలిచ్ అనే మైనర్ లీగ్ పిచర్, డువాల్‌కు క్యాచర్ అలెక్స్ జాక్సన్. రోసారియో కోసం పాబ్లో సాండోవాల్‌ను ఇచ్చారు. క్లీవ్‌లాండ్ అతన్ని వెంటనే వదిలేసింది, అంటే వాళ్లకు కావలసింది రోసారియో జీతం భారం దించుకోవడమే. అట్లాంటా రేపటి జట్టుగా చెప్పుకుంటున్న కుర్రాళ్లలో ఒక్కరూ కదల్లేదు.

ఇంత చవకగా ఎలా దొరికారు? సోలర్, రోసారియోల ఒప్పందాలు ఆ సీజనుతో ముగుస్తాయి, వాళ్ల జట్లకు వాళ్లతో ఇక పనిలేదు. అంకెలు అప్పటికి బాగాలేవు. అంగడిలో ఆ ఏడాది ఔట్‌ఫీల్డర్లకు కొరత లేదు. అందరూ ఎగబడే సరుకు జోలికి పోకుండా, తనకు అవసరమైనది పుష్కలంగా ఉన్నచోట కొన్నాడు ఆంథోపౌలోస్. .192 చూసి పక్కకు తప్పుకోలేదు. కొట్టే బలం చేతుల్లో ఉందా లేదా అన్నది చూశాడు. సోలర్ అట్లాంటాకు వచ్చాక .269 కొట్టాడు, 55 ఆటల్లో 14 హోమ్ రన్‌లు.

నా వాదనకు గుండెకాయ లాంటి లెక్క ఒకటుంది. బేస్‌బాల్ లెక్కల్లో పది పరుగులు ఒక గెలుపుతో సమానమని స్థూలంగా చెబుతారు. ఎంత గొప్ప ఆటగాడైనా, ఎప్పుడూ దొరికే సాధారణ ఆటగాడికన్నా ఏడాదికి ఆరు గెలుపులు ఎక్కువ తెస్తే చాలా గొప్ప. జులై చివర కొంటే మిగిలేది సీజనులో మూడో వంతు. అంటే ఆ మహానుభావుడు తెచ్చేది రెండు గెలుపులు. ఆ రెంటి కోసం జట్లు పదేళ్ల భవిష్యత్తు రాసిచ్చేస్తాయి. అదే మూడు ఖాళీలున్న జట్టు మూడుచోట్లా ఓ మాదిరి ఆటగాళ్లను నిలబెడితే, మూడు నాలుగు గెలుపులు పోగవుతాయి, ఖర్చు పదో వంతు కూడా కాదు. పైగా ఒకడికి దెబ్బ తగిలితే పథకం కూలిపోదు.

ఈ పాఠం అట్లాంటాకు పుస్తకాల్లో దొరికింది కాదు. 1987 ఆగస్టు 12న ఈ జట్టు అమ్మే స్థితిలో ఉంది. 36 ఏళ్ల డోయల్ అలెగ్జాండర్‌ను డెట్రాయిట్‌కు ఇచ్చి 20 ఏళ్ల మైనర్ లీగ్ పిచర్‌ను తెచ్చుకుంది. అలెగ్జాండర్ అక్కడ తొమ్మిది గెలిచాడు, ఒక్కటీ ఓడలేదు, ఆటకు ఇచ్చిన పరుగుల సగటు 1.53. డెట్రాయిట్ ఆ విభాగం గెలిచింది, తరువాతి మెట్టు మీద మిన్నెసోటా చేతిలో ఓడింది. ఆ కుర్రాడి పేరు జాన్ స్మోల్ట్జ్. 213 గెలుపులు, 154 సేవ్‌లు (ఆధిక్యం కాపాడి ముగించిన ఆటలు), 1995 కప్పు, చివరకు హాల్ ఆఫ్ ఫేమ్. డెట్రాయిట్‌ను మూర్ఖులనడం నాకు ఇష్టం ఉండదు. వాళ్లకు పిచర్ లోటు ఉంది, దాన్నే పూడ్చుకున్నారు, కోరిన ఫలం అందింది. చెల్లించిన వెల మాత్రం చాలా పెద్దది.

2007లో అట్లాంటా కొనే వైపుకు వచ్చింది. జులై 31న టెక్సాస్ నుంచి మార్క్ టెషేరాను తెచ్చి ఐదుగురు కుర్రాళ్లను ఇచ్చేసింది. అందులో 18 ఏళ్ల ఎల్విస్ ఆండ్రూస్, 19 ఏళ్ల నెఫ్తాలీ ఫెలీజ్, మాట్ హారిసన్, జారొడ్ సాల్టలమాకియా ఉన్నారు. టెషేరా తన పని తాను అద్భుతంగా చేశాడు, 54 ఆటల్లో 17 హోమ్ రన్‌లు. అయినా జట్టు 84 గెలిచి 78 ఓడి ప్లేఆఫ్స్ దాకా రాలేదు. ఎందుకంటే లోటు పిచింగులో ఉంది. టిమ్ హడ్సన్, అప్పటికి నలభై ఏళ్ల స్మోల్ట్జ్, ఆ ఇద్దరి వెనక నమ్మకంగా నిలిచేవాడు లేడు. మడి ఒకచోట ఎండుతుంటే నీళ్లు మరోచోట పెట్టారు. ఏడాది తిరగకముందే టెషేరాను ఆనహైమ్‌కు అమ్మేశారు. 2010, 2011లో టెక్సాస్ వరుసగా వరల్డ్ సిరీస్ ఆడినప్పుడు షార్ట్‌స్టాప్‌లో ఆండ్రూస్, చివరి ఇన్నింగ్స్‌లో ఫెలీజ్. ఆ రెండు అక్టోబర్లూ టీవీ ముందు కూర్చుని నేను పడిన బాధ మాటల్లో పెట్టలేను.

ఆంథోపౌలోస్ కూడా పుట్టుకతో ఈ విద్య నేర్చినవాడు కాదు. 2015లో టొరాంటోలో ఉన్నప్పుడు, దాదాపు సగం గెలిచి సగం ఓడిన జట్టుకు జులై చివరి రోజుల్లో ట్రాయ్ టులోవిట్స్కీ, డేవిడ్ ప్రైస్ అనే ఇద్దరు మహామహులను తెచ్చాడు, మంచి కుర్రాళ్లను ధారపోసి. టొరాంటో 93 గెలిచింది, 1993 తరువాత మొదటిసారి ప్లేఆఫ్స్‌కు వెళ్లింది, కాన్సస్ సిటీ చేతిలో ఆగిపోయింది. సగం దారిలో ఉన్న జట్టును వదిలిపెట్టకూడదన్న పట్టుదల ఆరేళ్ల తరువాత కూడా అలాగే ఉంది. కొనే తీరు మారింది.

అదే 2021 జులై 30న పక్కవాళ్లు ఏం చేశారో చూస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. ముందున్న మెట్స్ షికాగో నుంచి హావియర్ బాయెజ్‌ను తెచ్చి, ఏడాది కిందట కొత్త కుర్రాళ్ల డ్రాఫ్టు తొలి రౌండులో ఎంచుకున్న పీట్ క్రో-ఆర్మ్‌స్ట్రాంగ్‌ను ఇచ్చేశారు. బాయెజ్ బాగానే ఆడాడు. మెట్స్ 77 గెలిచి 85 ఓడారు. చలికాలం రాగానే బాయెజ్ డెట్రాయిట్‌కు వెళ్లిపోయాడు. క్రో-ఆర్మ్‌స్ట్రాంగ్ 2025లో షికాగో తరఫున ఆల్‌స్టార్ అయ్యాడు. ఇక లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ వాషింగ్టన్ నుంచి మాక్స్ షర్జర్, ట్రే టర్నర్‌లను కలిపి తెచ్చుకున్నారు. 106 ఆటలు గెలిచారు. కాగితం మీద వాళ్లకు ఎదురులేదు.

అట్లాంటా ఆగస్టు 6న గాని ఓటములను మించి గెలుపులు చూడలేదు. ఆ తరువాత ఆగలేదు. సెప్టెంబరు 30న విభాగం దక్కింది. ప్లేఆఫ్స్‌కు చేరిన జట్లన్నిటిలో తక్కువ గెలుపులు మావే, బావ అన్నది నిజం. ఆ 88 ఎలా వచ్చాయో మాత్రం అతను చూడడు. అక్టోబరులో ఆడిన జట్టు జులైలో 44-45 మీద ఉన్న జట్టు కానే కాదు. ఔట్‌ఫీల్డ్ మొత్తం కొత్తది.

మిల్వాకీ మీద మూడో ఆటలో పీడర్సన్ మెడలో ముత్యాల హారంతో బ్యాటింగుకు వచ్చి మూడు పరుగుల హోమ్ రన్ కొట్టాడు, ఆట 3-0తో ముగిసింది. ఆ సిరీస్ నడుమ సోలర్‌కు కోవిడ్ సోకి బయటికి పోవలసి వచ్చింది. ఒక్క పెద్ద బ్యాటర్‌ను కొని అతని మీదే భారం వేసి ఉంటే అక్కడితో సరి. నలుగురున్నారు కాబట్టి జట్టు నిలిచింది.

డాడ్జర్స్‌తో సిరీస్ ఆరో ఆట గురించి ఆగి చెప్పాలి. ఆ రోజు బంతి వేయవలసినవాడు షర్జర్. జులైలో అందరి కళ్లూ పడిన ఆ పిచర్ చేయి అలసిపోయి దిగలేకపోయాడు. బదులుగా వాకర్ బ్యూలర్ మూడు రోజుల విశ్రాంతితోనే వచ్చాడు. నాలుగో ఇన్నింగ్స్, ఇద్దరు బేసుల మీద ఉన్నారు. రోసారియో ఒకదాని తరువాత ఒకటి మంచి బంతులను పక్కకు తోసేస్తూ నిలబడ్డాడు. చివరకు కుడివైపు గీత పక్కగా నేరుగా దూసుకుపోయే హోమ్ రన్ కొట్టాడు. మూడు పరుగులు. ఆరు ఆటల్లో 14 హిట్లు, సిరీస్ ఉత్తమ ఆటగాడు. జులైలో పొత్తికడుపు పట్టుకుని గాయాల జాబితాలో ఉన్న మనిషి, ఎవరూ అడగని మనిషి.

వరల్డ్ సిరీస్ మొదటి ఆటలో తొలి బ్యాటర్‌గా వచ్చి సోలర్ హోమ్ రన్ కొట్టాడు. అదే ఆటలో మోర్టన్ కాలి ఎముక విరిగింది. మరో ఖాళీ, అప్పటికి పూడ్చుకునే గడువు లేదు, ఉన్న రిలీఫ్ పిచర్లు పంచుకున్నారు. ఆరో ఆటలో సోలర్ కొట్టిన బంతి 446 అడుగులు, ఎడమవైపు రైలు పట్టాల మీదుగా మైదానం దాటి వీధిలో పడింది. వరల్డ్ సిరీస్ ఉత్తమ ఆటగాడూ జులై 30న వచ్చినవాడే. ఆంథోపౌలోస్ మాత్రం కోవిడ్ వచ్చి ఆ రాత్రి హ్యూస్టన్‌లో లేడు.

బావ దగ్గర ఒక గట్టి అస్త్రం ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. "2017 సంగతి ఏమంటావు? ఆగస్టు 31న, గడువుకు నిమిషాల ముందు జస్టిన్ వెర్లాండర్‌ను తెచ్చుకున్నాం. ఒక్కడే మహానుభావుడు. అతను లేకుండా ఆ సిరీస్ గెలిచేవాళ్లమా?" నిజమే, గెలిచేవారు కారు. ఆ సెప్టెంబరులో అతను ఐదు ఆటలు వేసి ఐదూ గెలిచాడు. కాని ఆ హ్యూస్టన్ బ్యాటింగుకు లోటే లేదు, వాళ్లకు ఉన్న ఖాళీ ఒక్కటే: మొదటి వరుస పిచర్. పైగా వెర్లాండర్ ఒప్పందం ఇంకా రెండేళ్లుంది, అద్దెకు తెచ్చుకున్నవాడు కాడు. అవసరం ఒకే ఒక పెద్ద గుంట అయితే పెద్ద మొక్కే నాటాలి. నేను వ్యతిరేకించేది పేరు చూసి కొనడాన్ని.

అదృష్టం లేదని నేను అనను. షర్జర్ చేయి అలసిపోవడం ఎవరి పథకమూ కాదు. రోడ్రిగెజ్ అక్టోబరులో పెద్దగా అక్కరకు రాలేదు, ఆ కొనుగోలు తప్పింది. నలుగురు ఔట్‌ఫీల్డర్లలో ఇద్దరు విఫలమైనా ఆశ్చర్యపడేవాడిని కాను. అందుకే నలుగురిని తెచ్చారు. ఎవరు పుంజుకుంటారో ముందే తెలియనప్పుడు నాలుగుచోట్ల నాటడం, ఏ ఒక్కచోటా ఇల్లు తాకట్టు పెట్టకపోవడం, ఇదంతా జులైలో ఒక మనిషి కూర్చుని ఆలోచించి చేసినది. బావ అదృష్టమనే ఆ చివరి నాలుగు వారాలకు చోటు ఇచ్చినది ఆ ఆలోచనే.

ఆ జులైలో కదలని కుర్రాళ్లలో ఒకడు మైఖేల్ హారిస్. అట్లాంటాకు దగ్గరలోని స్టాక్‌బ్రిడ్జ్‌లో పెరిగినవాడు. అప్పుడు జార్జియాలోనే రోమ్ అనే ఊళ్లో కింది స్థాయి లీగులో ఆడుతున్నాడు. 2022 మే 28న పెద్ద జట్టులోకి వచ్చాడు, ఆ ఏడాది ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు. రెండో స్థానంలో నిలిచిన స్పెన్సర్ స్ట్రైడర్ కూడా ఆ జులైలో ఇవ్వకుండా ఉంచుకున్నవాడే. జట్టు 101 ఆటలు గెలిచింది.

2022 జూన్‌లో ఒక సాయంత్రం మా అమ్మాయిని అట్లాంటా జట్టు మైదానమైన ట్రూయిస్ట్ పార్కుకు తీసుకువెళ్లాను. ఔట్‌ఫీల్డ్ వెనక సీట్లు. హారిస్ వచ్చాక డువాల్ మధ్య నుంచి ఎడమ పక్కకు జరిగాడు. ఇద్దరి మధ్యకు ఒక బంతి లేచింది. డువాల్ రెండడుగులు వేసి, పిల్లవాడు వస్తున్నాడని చూసి ఆగి చేయి చూపించాడు. హారిస్ పరుగెత్తుకుంటూ వచ్చి పట్టుకుని, వెళ్తూ వెళ్తూ డువాల్ గ్లవ్‌ను తన గ్లవ్‌తో తట్టాడు. మా అమ్మాయి దాన్ని ఫోటో తీసింది. నేను ఏమీ రాయకుండా ఆ ఫోటోను హ్యూస్టన్‌కు పంపాను.